అటక మీది పెట్టె, వేటపాలెం బీరువా: తెలుగు స్త్రీల హక్కుల పోరాటానికి మిగిలిన కాగితాలు

స్త్రీల హక్కుల కోసం పనిచేసినవాళ్లు తమ చేత్తో రాసుకొని, తమ ఇంట్లో దాచుకొన్న కాగితాలను చరిత్రకారులు వ్యక్తిగత పత్రాలు అంటారు. ఉత్తరాలు, డైరీలు, సభలో చదవడానికి రాసుకొన్న ఉపన్యాసాల చిత్తుప్రతులు, మహిళా సమాజం మినిట్సు పుస్తకం, చందా రసీదులు, కరపత్రాలు, గ్రూపు ఫొటోలు, జైలు నుంచి వచ్చిన పోస్టుకార్డులు అన్నీ ఇందులోకి వస్తాయి. సర్కారు రికార్డు ఏం జరిగిందో చెబుతుంది. ఈ కాగితాలు ఆ మాట మొదట ఎవరు ఎవరితో అన్నారో, అన్నందుకు ఇంట్లో ఏమైందో చెబుతాయి.

తెలుగునాట ఇలాంటి కట్టలు చెక్కుచెదరకుండా ఒకచోట నిలిచిన సందర్భాలు చాలా తక్కువ. అయినా పూర్తిగా పోలేదు. మన ఆడవాళ్లు చెప్పదలచుకొన్నది పెట్టెలో దాచుకోవడం కన్నా పత్రికకు పంపడమే ఎక్కువ చేశారు. పత్రికలు చదివిన ఇళ్లు వాటిని పొట్లాలకు వాడేసినా, కొన్ని ఊరి గ్రంథాలయాలు బైండు చేయించి బీరువాల్లో పెట్టాయి. అందుకే ఈ విషయం మీద పనిచేసేవాళ్లు హైదరాబాదు, చెన్నై తిరిగాక విజయవాడ-చెన్నై రైలుమార్గంలో చీరాల దాటాక వచ్చే ఒక చిన్న స్టేషనులో దిగాల్సి వస్తుంది. జీడిపప్పుకూ చేనేతకూ పేరున్న వేటపాలెం అది.

సారస్వత నికేతనం

1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి పూనికతో హిందూ యువజన సంఘం పేరున ఇక్కడ మొదలైన పుస్తకాల గది తర్వాత సారస్వత నికేతనం అయింది. అప్పటికి ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం ఊపు మీద ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. ఊరూరా యువకులు చందాలు వేసుకొని పత్రికలు తెప్పించేవారు. వేటపాలెం చేసిన విశేషం, తెప్పించినవాటిని పారేయకపోవడం. 1929లో గాంధీ వచ్చి ఇక్కడి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ జనసమ్మర్దంలో విరిగిన ఆయన చేతికర్రను ఈనాటికీ గ్రంథాలయంలో భద్రంగా చూపిస్తారు. చూడవచ్చినవాళ్లు ముందు కర్ర చూస్తారు, పరిశోధకులు నేరుగా పాత పత్రికల గదికి వెళతారు.

ఆ గదికి ఎందుకు వెళతారో బండారు అచ్చమాంబ సంగతి చూస్తే తెలుస్తుంది. 1874లో పుట్టి 1905లో, ముప్ఫై ఏళ్లకే కన్నుమూసిన ఈమె కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు, 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం నెలకొల్పిన వారిలో ఒకరు. అదే ఏడు ‘హిందూసుందరి’లో ‘ధనత్రయోదశి’ అనే కథ అచ్చు వేయించారు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. దశాబ్దాల పాటు తొలి తెలుగు కథ అనగానే అందరూ గురజాడనే తలచుకొన్నారు. అచ్చమాంబ కథలు ఎవరి ఇంటి పెట్టెలోంచో బయటపడలేదు. పాత పత్రికల సంపుటాలు తిరగేస్తే దొరికాయి. అవి కూడా పొట్లాలుగా పోయి ఉంటే తొలి కథ అచ్చమాంబదే అన్న వాదమే పుట్టేది కాదు.

పత్రికల దొంతరలో ఆడవాళ్ల కోసం వచ్చినవే ఒక పెద్ద వరస. వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ పెట్టారు. అది ఆడవాళ్లకు మగవాడు చెప్పిన పాఠం. 1902లో మొదలైన ‘హిందూసుందరి’ని మోసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ నడిపారు. పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి ‘సావిత్రి’ తెచ్చారు. ఇక్కడికి వచ్చేసరికి చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఇద్దరూ ఆడవాళ్లే. అభిప్రాయాలు మాత్రం ఒక్కటి కాదు. వితంతు వివాహం కూడదన్నవారూ ఉన్నారు, కావాలన్నవారూ ఉన్నారు. ఒకామె మీద ఇంకొకామె విరుచుకుపడిన వ్యాసాలూ ఉన్నాయి. ఆ పోట్లాటలు చదవకుండా ‘స్త్రీజనోద్ధరణ’ అని ఒకే ముక్కలో చెప్పేసే పాఠ్యపుస్తకాలు ఆనాటి వేడిని చల్లార్చేశాయి.

అచ్చయిన ఉత్తరాలు

వేటపాలేనికి పాతిక కిలోమీటర్ల లోపే బాపట్ల. ఆ ఊళ్లో 1896లో పాలపర్తివారింట పుట్టిన ఆడపిల్లే తర్వాత కనుపర్తి వరలక్ష్మమ్మ. 1909లో, పదమూడేళ్ల వయసులో పెళ్లయింది. భర్త హనుమంతరావు ఆరోగ్యశాఖలో ఇనస్పెక్టరు. రాస్తానంటే వద్దనని మనిషి. ఆ కాలానికి అది చిన్న అదృష్టం కాదు. ‘ఆంధ్రపత్రిక’లో లీలాదేవి అనే మారుపేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ అనే శీర్షిక నడిపారు. కథలు రాశారు. వాటిలో ‘కుటీరలక్ష్మి’ చేనేత మీద బతికే ఒక ఇల్లు చితికిపోవడాన్ని చెబుతుంది. చీరాల-వేటపాలెం మగ్గాల చప్పుడు మధ్య చదివితే ఆ కథ ఇంకో రకంగా వినిపిస్తుంది.

అయితే ఆమె పేరు చెప్పగానే గుర్తుకు రావలసినవి ‘శారద లేఖలు’. 1928లో మద్రాసులో మొదలైన ‘గృహలక్ష్మి’ పత్రికలో ఆమె ఏళ్ల తరబడి నడిపిన శీర్షిక ఇది. శారద అనే ఇల్లాలు తన నేస్తం కల్పలతకు ఉత్తరాలు రాస్తుంది. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతి మొదలవుతుంది. ఫలానా ఊళ్లో మహిళా సభ జరిగింది, అక్కడ ఇలా మాట్లాడారు, బాల్యవివాహాల బిల్లు గురించి ఇలా అంటున్నారు, నీ ఉద్దేశమేమిటి? ఖద్దరు, ఆడపిల్లల చదువు, అంటరానితనం, విడాకులు, ఏదైనా సరే, ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య మాటలాగా సాగుతుంది.

ఉత్తరం అనే ఎత్తు ఎందుకు పారిందో ఆలోచించాలి. ఆనాడు ఇంట్లో ఆడమనిషి సభలో మాట్లాడిందంటే నలుగురూ నాలుగు రకాలుగా అనేవారు. పుట్టింటికో నేస్తానికో ఉత్తరం రాసుకొంటే ఎవరూ వింతగా చూడరు. ఆ చనువును వరలక్ష్మమ్మ పత్రికలోకి తెచ్చారు. వ్యాసం రాస్తే ఉపన్యాసం అనిపించేది ఉత్తరంలో పెడితే ముచ్చట అయింది. ప్రతి నెలా ఇళ్లలో చదివేవాళ్లంతా కల్పలతలే. అంటే ఇది ఇంటి కాగితమే, కాని అచ్చులో ఉంది. దాచుకొనే కాగితానికీ బయటపెట్టే కాగితానికీ మధ్య ఒక గోడ ఉంటుందని గ్రంథాలయ శాస్త్రం అనుకొంటుంది. బాపట్లలో ఆ గోడకు ఒక కిటికీ ఉంది.

హర్‌బిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు, మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండాలంది. జనం నోట అది శారదా చట్టం. లేఖల్లోని శారద శారదా చట్టం గురించి కల్పలతకు చెప్పింది. ఈ పేర్ల పొంతన అనుకొని పెట్టిందో కాకతాళీయమో గాని, మరొక లెక్క మాత్రం సూటిగా కనిపిస్తుంది. పదమూడేళ్లకు పెళ్లయిన రచయిత్రి, పద్నాలుగేళ్లు నిండాలన్న చట్టం గురించి రాసింది. తన సంగతి ఎక్కడా విప్పి చెప్పనక్కరలేదు. చదివేవాళ్లలో చాలామందికి అదే అనుభవం.

ఆమెను ఈనాటి అర్థంలో స్త్రీవాది అనడం తొందరపాటు. ఇల్లాలి ధర్మాన్నీ గృహలక్ష్మి ఆదర్శాన్నీ విడిచిపెట్టకుండా హక్కు అడిగిన తరం అది. ద్రౌపది, సీత ఆమెకు వాదంలో సాక్షులు. కాని మాటతో ఆగలేదు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. 1934లో మొదటి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆమెకే దక్కింది. 1978లో కన్నుమూశారు.

ఒక పక్కమాట. ‘గృహలక్ష్మి’ నడిపిన డాక్టరు కె.ఎన్. కేసరి ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరులో పుట్టి, కష్టపడి మద్రాసు చేరి ఆయుర్వేదంలో స్థిరపడిన మనిషి. ఆయన కేసరి కుటీరం తయారుచేసిన ‘లోధ్ర’ అనే స్త్రీల మందు ఇంటింటా తెలిసిన పేరు. పత్రికకు దన్ను ఆ మందే. అంటే ఆడవాళ్ల ఓటూ చదువూ గురించి రాసిన పేజీలకు కాగితం ఖర్చు గర్భాశయ రోగాల సీసా నుంచి వచ్చింది. ఇది చిన్నచూపు చూడాల్సిన సంగతి కాదు. ఏ ఆరోగ్యం గురించి ఇంట్లో పెదవి విప్పేవారు కారో దాని ప్రకటన పత్రికలో అచ్చయింది. బైండు చేసేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ తీసేసే అలవాటు మన గ్రంథాలయాల్లో ఉంది. అలా తీయకుండా వదిలేసిన సంపుటం దొరికితే అందులో సగం చరిత్ర ప్రకటనల్లోనే ఉంటుంది.

గుంటూరు, నెల్లూరు, మద్రాసు

ఇదే మైదానంలో, ఇవే రోజుల్లో పని చేతుల్లోకి తీసుకొన్నవాళ్లున్నారు. ఉన్నవ లక్ష్మీబాయమ్మ 1922లో గుంటూరులో శారదా నికేతనం నెలకొల్పారు. దిక్కులేని స్త్రీలకు, వితంతువులకు నీడ, చదువు, చేతిపని అక్కడ దొరికాయి. భర్త ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ రచయితగా అందరికీ తెలుసు. లక్ష్మీబాయమ్మ గురించి తెలుసుకోవాలంటే భర్త చరిత్రలో, ఉప్పు సత్యాగ్రహం రికార్డుల్లో, ఆ సంస్థ కాగితాల్లో విడివిడిగా ఏరుకోవాలి. ఉద్యమకారిణి కాగితాలు ఉద్యమకారుడి పెట్టెలో కలిసిపోవడం తెలుగునాట సాధారణం.

నెల్లూరులో పొణకా కనకమ్మ 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. జైలుకు వెళ్లారు, పత్రిక నడపడంలో చెయ్యి వేశారు. 1963లో పోయారు. ఆమె రాసుకొన్న స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగం’ 2011లో అచ్చయింది. మధ్యలో నలభై ఎనిమిదేళ్లు అది ఒట్టి రాతప్రతి. ఒక చెదపురుగు, ఒక వానాకాలం, ఒక ఇంటి అమ్మకం, ఏది జరిగినా ఆ పుస్తకం లేదు. స్వీయచరిత్ర దారిలో తొలి అడుగు ఏడిదము సత్యవతిది. ఆమె ‘ఆత్మచరితము’ 1934లోనే పుస్తకంగా వచ్చింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ విషయంలో కాగితాలకు కొదవ లేదు. రాజ్యాంగ సభలో ఆమె మాటలు చర్చల సంపుటాల్లో ఉన్నాయి, ఆంధ్ర మహిళా సభ 1937 నుంచి నడిచింది, ‘ఆంధ్ర మహిళ’ పత్రిక ఉంది, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఫైళ్లున్నాయి. అయినా ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండని రోజుల్లో, 1921లో, గాంధీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలూ ముస్లిం స్త్రీలూ ఆయన్ను కలిసేలా చేసిన పట్టుదల గురించి మనకు వివరంగా తెలిసింది ఆమె తన జ్ఞాపకాల్లో చెప్పుకొన్నందుకే. 1923 కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనశాల గుమ్మంలో టికెట్టు లేదని నెహ్రూను ఆపిన సంగతి మాత్రం పదిమందీ చెప్పుకొన్నారు. పెద్ద మగవాళ్లున్న ఘటనకు సాక్షులు దొరుకుతారు. దేవదాసీలు కూర్చున్న సభకు ఆమె ఒక్కతే సాక్షి.

వేటపాలేనికి మరీ దగ్గరి ఉదాహరణ చీరాల-పేరాల. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని జనం ఇళ్లు విడిచి రామనగరంలో పాకలు వేసుకొని పదకొండు నెలలు ఉన్నారు. వాళ్లను ముందుండి నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు అందరికీ తెలుసు. పన్ను కట్టక జైలుకు పోయినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. ఎండలో, వానలో, పాకల్లో పిల్లల్ని పెట్టుకొని పొయ్యి రాజేసినవాళ్ల తరఫున రాసిన కాగితం మనకు లేదు. ఎవరి తోడు లేకపోతే ఆ ఉద్యమం పదకొండు రోజులు కూడా నిలిచేది కాదో వాళ్ల మాట రికార్డులో వినబడదు.

కాగితం ఎలా పోతుంది

ఆడవాళ్ల కాగితాలు పోవడానికి చెదలొక్కటే కారణం కాదు. పుట్టింటి కాగితాలు పెళ్లికి ముందే పోతాయి. అత్తింటి అటక మీద పెట్టిన ట్రంకుపెట్టె అన్నదమ్ముల పంపకాల్లో ఎవరికీ అక్కరలేని వస్తువు. భూమి దస్తావేజు ఇనప్పెట్టెలోకి, ఉత్తరాల కట్ట పాత కాగితాల వాడి త్రాసులోకి పోతాయి. ఈ తీరప్రాంతంలో ఉప్పుగాలి ఒకటి. పది కాగితాలు కలిపి గుచ్చిన గుండుసూది నాలుగేళ్లకే తుప్పు పట్టి, పై కాగితం మీద ముదురు గోధుమరంగు గీత పెట్టి, ముట్టుకొంటే ఆ గీత వెంటే చిరుగుతుంది. న్యూస్‌ప్రింటయితే అప్పడంలా విరుగుతుంది. 1977 నవంబరు తుపాను దివిసీమనే కాదు, బాపట్ల వైపు ఊళ్లనూ ముంచింది.

మరో కారణం పేరు. పాత ఉత్తరాల కవర్ల మీద ‘చి॥ ల॥ సౌ॥’ అని ఉంటే ఆమె ముత్తైదువ. ‘గం॥ భా॥ స॥’ అంటే గంగాభాగీరథీ సమానురాలు, అంటే భర్త పోయిన స్త్రీ. వితంతువుల కోసం పోరాడిన మనిషికి వచ్చిన కవరు మీద కూడా పోస్టుమాను ముందు చదివేది ఆమె వితంతువా కాదా అనే. పత్రికల్లో ‘ఒక సోదరి’, ‘ఒక హిందూ యువతి’ అన్న సంతకాలుంటాయి. సభల నివేదికల్లో ‘ఫలానా వకీలుగారి భార్య’ అధ్యక్షత వహిస్తుంది. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. గ్రంథాలయం కేటలాగు ఇంటిపేరుతో నడుస్తుంది. పాలపర్తివారి పిల్లనూ కనుపర్తివారి కోడల్నీ ఒకే మనిషని కార్డు మీద కలిపి రాసేవాళ్లుంటేనే చరిత్ర కలుస్తుంది.

జిల్లాల మార్పు కూడా పేరు మార్పులాంటిదే. వేటపాలెం 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ఒంగోలు కేంద్రంగా వచ్చిన ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఇక్కడి ఒక స్త్రీ సంఘం గురించి సర్కారీ కాగితం వెతకాలంటే మూడు కలెక్టరేట్ల దారి పట్టాలి.

రహస్య జీవితం, నోటి మాట

కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన స్త్రీల దగ్గర కాగితం మిగలకపోవడానికి వేరే కారణం. అజ్ఞాతంలో ఉన్నప్పుడు ఉత్తరం చదివాక కాల్చేయడమే నియమం. పోలీసు చేతికి చిక్కిన కాగితం ఇంకొకరిని పట్టిస్తుంది. బుర్రకథ దళంతో ఊరూరా తిరిగిన మోటూరి ఉదయం, కోస్తాలో మహిళా సంఘం నడిపిన మాణికొండ సూర్యావతి, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం, భూమి కోసం నిలబడ్డ చిట్యాల ఐలమ్మ వంటివారి మాటలు హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేపురికార్డరు పట్టుకొని ఇళ్లకు వెళ్లి సేకరించారు. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ పని ఫలం. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. పార్టీ చరిత్రల్లో లేని ప్రశ్నలు ఆ పుస్తకంలో ఉన్నాయి. దళంలో పిల్లలు పుడితే ఏం చేశారు, పోరాటం ఆగిపోయాక వంటింటికి తిరిగి వెళ్లమన్నప్పుడు ఏమనిపించింది? మౌఖిక చరిత్ర ఇక్కడ కాగితానికి బదులు వచ్చింది కాదు, అసలు రికార్డు అదే. కొండపల్లి కోటేశ్వరమ్మ తన కథను తానే ‘నిర్జన వారధి’గా 2012లో తొంభై దాటిన వయసులో ప్రచురించారు. ఉద్యమం కోసం, భర్త కోసం, ఆ తర్వాత తన కోసం బతికిన మూడు దశలూ అందులో ఉన్నాయి.

కరపత్రాల కాలం

1970ల నుంచి పత్రాల రూపం మారింది. 1974లో ఉస్మానియా విద్యార్థినుల చొరవతో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం పుట్టింది. వరకట్నం, బస్సుల్లో వేధింపులు, అశ్లీల పోస్టర్లు దాని లక్ష్యాలు. ఎమర్జెన్సీ రాగానే ఆ సంఘం చెదిరింది. 1978లో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం, ఆమె భర్త లాకప్పులో చనిపోవడం హైదరాబాదును కుదిపేశాయి, విచారణకు ముక్తదర్ కమిషన్ వచ్చింది. ఆ రోజుల కాగితాలు సైక్లోస్టైలు చేసిన కరపత్రాలు, చేత్తో రాసిన గోడపత్రికలు. సిరా వేళ్లకు అంటేది, కాగితం చవకది, తేదీ వేయాలన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు. ‘ఈ ఆదివారం సాయంత్రం’ అని ఉంటుంది, ఏ ఏడాది ఆదివారమో ఊహించుకోవాలి. 1985లో మొదలైన అన్వేషి పరిశోధన కేంద్రం, తర్వాత అస్మిత ఇలాంటి సామగ్రికి చోటిచ్చాయి. అస్మిత 2001లో ‘మహిళావరణం’ పేరుతో తెలుగు స్త్రీల ఫొటోలూ జీవిత చిత్రాలూ పుస్తకంగా తెచ్చింది. గుంటూరు గడ్డ మీద పుట్టిన రచయిత్రి ఓల్గా ఆ పనిలో ఒకరు, 1993 నాటి స్త్రీవాద కవిత్వ సంకలనం ‘నీలిమేఘాలు’ సంపాదకురాలూ ఆమే. అదే ఏడాది ‘భూమిక’ పత్రిక మొదలైంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఇంకో సంగతి నేర్పింది. వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లూ సారా దుకాణం మీదికి వెళ్లడానికి ఒక ప్రేరణ అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలోని సీతమ్మ కథ. రాత్రిబడి పలక మీద అక్షరాలు దిద్దుతూ చదివిన పాఠం అది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అప్పుడే రాయడం నేర్చిన చేతులు పెట్టిన అర్జీలు, వేలిముద్ర పక్కన వంకరటింకర సంతకాలు, ఇవి ఎవరి ఇంట్లో ఉన్నా స్త్రీల ఉద్యమ పత్రాల్లో అత్యంత విలువైనవి. వాచకం ప్రతి కూడా అంతే. పాత వాచకాన్ని దాచే గ్రంథాలయాలు ఎన్నో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

బిందె ఎత్తిన స్త్రీ

వేటపాలెం నుంచి చీరాల మీదుగా కొద్దిదూరంలో కారంచేడు. 1985 జూలై 16న అక్కడి మాదిగపల్లెవాళ్లు మంచినీళ్లు తెచ్చుకొనే చెరువు దగ్గర పశువుల కుడితి బాల్చీ కడుగుతున్న భూస్వాముల పిల్లల్ని వద్దని వారించారు. మాట పెరిగింది. కొట్టబోయినవాళ్ల మీదికి మున్నంగి సువార్త తన చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. ఆ కదలిక లోంచి దళిత మహాసభ వచ్చింది. ప్రధాన సాక్షి దుడ్డు అలీసమ్మ కూడా తర్వాత హత్యకు గురైంది. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది.

స్త్రీవాద సాహిత్య చరిత్రల్లో సువార్త పేరు ఉద్యమకారిణుల జాబితాలో కనిపించడం అరుదు. ఆమె సభ పెట్టలేదు, వ్యాసం రాయలేదు. ఆమె చేసిన పని రికార్డయింది ఎఫ్‌ఐఆర్‌లో, వాంగ్మూలాల్లో, తీర్పుల్లో, ఉద్యమ పాటల్లో. అంటే ఇంకొకరి చేతిరాతలో. కారంచేడు దాడి జరిగిన 1985లోనే, సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశానికంతటికీ అలాంటి సవరణ 2005లో గాని రాలేదు. ఆస్తి ఉన్న ఇళ్ల ఆడపిల్లల హక్కుకు గెజిట్ ఉంది, గర్వించదగ్గ కాగితమే. చెరువు నీళ్ల కోసం బిందె ఎత్తిన స్త్రీకి తన చేతిరాతలో అలాంటి కాగితం లేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ ఆ లోటును కొంత పూడ్చింది. ఈ ప్రాంతపు స్త్రీల హక్కుల పత్రాల పట్టిక రాసేవారు ‘శారద లేఖలు’ పక్కనే కారంచేడు కేసు కాగితాలనూ పెట్టాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బయటి ప్రపంచంలో

అమెరికాలో చరిత్రకారిణి మేరీ బియర్డ్ 1935లో స్త్రీల పత్రాల కోసం ఒక ప్రపంచ కేంద్రం తలపెట్టారు. డబ్బు చాలక 1940లో అది మూతపడింది. ఓటుహక్కు ఉద్యమకారిణి మాడ్ వుడ్ పార్క్ 1943లో తన కాగితాలను రాడ్‌క్లిఫ్ కళాశాలకు ఇచ్చారు. ఈనాటి ష్లెసింజర్ లైబ్రరీకి అదే మొదలు. లండన్‌లో 1926 నాటి స్త్రీల గ్రంథాలయం ఇప్పుడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో ఉంది. మన దేశంలో 1927లో ఏర్పడిన అఖిల భారత మహిళా సభ కాగితాలు ఢిల్లీలో 2023 దాకా నెహ్రూ స్మారక గ్రంథాలయంగా పిలిచిన సంస్థలో చేరాయి. ముంబయిలో 1988లో రచయిత్రి అంబై మొదలైనవారు స్పారో పెట్టారు. అక్కడ ఫొటోలు, పోస్టర్లు, గొంతు రికార్డులూ పత్రాలే. వీటికీ వేటపాలేనికీ తేడా ఒకటుంది. అవి ఆడవాళ్ల కాగితాలు దాచాలని పెట్టినవి. సారస్వత నికేతనం ఊళ్లో అందరూ చదవాలని పెట్టింది. ఆడవాళ్ల చరిత్ర అందులో మిగలడం చదువరుల పుణ్యం.

ఇంట్లో పెట్టె దొరికితే

ఈ చుట్టుపక్కల ఇళ్లల్లో ఇప్పటికీ పెట్టెలున్నాయి. దొరికితే ముందు చేయవలసినది, కాగితాలు ఏ వరసలో ఉన్నాయో ఆ వరస చెడగొట్టకపోవడం. ఆ వరసే పెట్టిన మనిషి ఆలోచన. తుప్పు పట్టిన గుండుసూదుల్ని లాగకుండా, సూది ఉన్నచోట రెండు వైపులా పల్చని కాగితం జొనిపి నెమ్మదిగా తీయాలి. చిరుగులకు సెల్లోటేపు వేస్తే నాలుగేళ్లకు పసుపు పచ్చగా మారి అక్షరాల్ని తినేస్తుంది. లామినేషను ఇంకా ప్రమాదం. పాలిథిన్ సంచిలో పెడితే లోపలి చెమ్మ బయటికి పోక బూజు పడుతుంది. కాటన్ గుడ్డ మూట మేలు. ఉత్తరం ఒక్కటే కాదు, కవరు, దాని మీది పోస్టుముద్ర కూడా దాచాలి. తేదీ వేయని ఉత్తరానికి తేదీ అదే.

మహిళా సమాజం గ్రూపు ఫొటో ఉంటే వెనుక మెత్తటి పెన్సిలుతో, ఫొటో మీద ఒత్తిడి పడకుండా, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయాలి. ఇంట్లో గుర్తుపట్టగల పెద్దావిడ ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకొని అడగాలి. ఆమె మొదట ‘ఆవిడా, ప్లీడరుగారి భార్య’ అంటుంది. కాసేపు ఆగి, ఆమె పేరేమిటమ్మా, ఎవరింటి ఆడపడుచు అని మళ్లీ అడగాలి. వచ్చిన జవాబును పుట్టింటి పేరుతో సహా రాయాలి.